జేబులో గొంతు

పప్పుకి మూడు విజిళ్ళు చాలు, అయినా జెన్సీ ఎనిమిది రానిచ్చింది, తొమ్మిదోది వస్తే రానీ అనుకుంది, గుజ్జయిపోతే అయిపోయింది, ఐదేళ్ళుగా ఈ కుక్కరుకి నోరు లేదు, ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా ఇంట్లోంచే మొగుడు రూఫస్ గారి మీటింగులు, విజిల్ వస్తే కొంప మునిగిపోతుందని తడిగుడ్డ చుట్టి పట్టుకుని నిలబడేది, ఆవిరి కొట్టి వేళ్ళు బొబ్బలెక్కేవి, ఇవాళ కూయవే తల్లీ, సోనారి పేటంతా వినపడేలా కూయి, ఆయన లేడు, ఎనిమిదింటికే స్కూటరు తీసి ఖర్కాయి వంతెన దాటి ఆఫీసుకి వెళ్ళిపోయాడు, పిల్ల బడికి వెళ్ళిపోయింది, హాల్లో ఆ కుర్చీ ఖాళీగా ఉంది, సీటు మధ్యలో ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంది, జెన్సీ వెళ్ళి అందులో కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది, ఎవరూ ఏమీ అనలేదు, ఎంత హాయిగా ఉందో, ఇంత హాయిగా ఉండడం పాపమేమో, ఉంటే ఉండనీ, ఆదివారం చర్చిలో ఒప్పుకుంటే సరి.

గమ్హరియాలో కార్ల రేకులు నొక్కే ఫ్యాక్టరీలో ఏ ప్రెస్సు ఎప్పుడు ఆపాలో, ఏ సామాను మార్చాలో ముందుగా ప్లాను రాయడం రూఫస్ ఉద్యోగం, ఆయన ఉద్యోగమే, కానీ ఆ ప్లాన్లు రాసింది జెన్సీ, మొదటి లాక్‌డౌన్‌లో ఆయనకి జ్వరమొచ్చి పడుకుంటే ఒక్క వారమే కదా అని రాసింది, పైవాళ్ళు తెగ మెచ్చుకున్నారు, ఇక అంతే, ఆ జ్వరం ఐదేళ్ళయినా తగ్గలేదు, జెన్సీ ఏం తక్కువ తిన్నదా, మెకానికల్ డిప్లొమా ఫస్టు క్లాసు, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో నాన్న తోమాస్ ఆ మార్కుల కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు, పెళ్ళయ్యాక అది ట్రంకు పెట్టె అడుగుకి చేరింది, వీడియో మీటింగులప్పుడు కెమెరాకి కనపడకుండా నేల మీద కూర్చుని, కూతురు సుకీర్తి పలక మీద జవాబులు రాసి ఎత్తి చూపించేది, ఆయన తన బుర్రలోంచి వచ్చినట్టు చదివేవాడు, రాయడం ఒక్క క్షణం ఆలస్యమైతే బల్ల కిందనుంచి మడమతో మోకాలి మీద తన్నేవాడు, పైన మొహంలో నవ్వు చెక్కు చెదిరేది కాదు, ఆ విద్య మాత్రం ఆయనకి బాగా వచ్చు, ఒకసారి తనకి దగ్గొస్తే అవతలివాళ్ళతో పనిమనిషి అని చెప్పాడు, నిజంగా పనిమనిషైతే ఆదివారం సెలవైనా అడిగి ఉండేది.

కానీ అబద్ధమెందుకు, ఆ మూడు గంటలూ జెన్సీకి ప్రాణం లేచొచ్చేది, ఒక్క ప్రెస్సునీ కళ్ళతో చూడలేదు గానీ అన్నింటి గుణాలూ తెలుసు, రెండో నంబరు నిమ్మళం, ఐదో నంబరుకి వానాకాలం పడదు, ఏడో నంబరు ఊరికే గోల చేస్తుంది తప్ప లోపల రాయిలా ఉంటుంది, నాలుగో నంబరు మాత్రం కిమ్మనదు, అదే భయం, రెండు నెలల క్రితం అందరూ ఆఫీసుకి రావాలని ఆర్డరు వచ్చినప్పుడు రూఫస్ మొహంలో నెత్తురు చుక్క లేదు, జెన్సీ పైకి అయ్యో అంది, లోపల గంతులేసింది, నిన్న ఆయన లాప్‌టాప్ సంచిలో పెట్టి జిప్పు లాగినప్పుడు మాత్రం దిగులేసింది, మనిషి వెళ్తున్నందుకు కాదు, పని వెళ్తున్నందుకు, పోనీ నన్ను కూడా అక్కడ పెట్టుకుంటారేమో అడగండీ అని అంతకు ముందు వారమే నోరు తెరిచి అడిగింది, ఆయన నవ్వాడు, నవ్వీ నవ్వీ పొలమారింది, నీళ్ళు కూడా తనే తెచ్చిచ్చింది, సిగ్గులేదు తనకి.

ఆయన చేసిన ఏర్పాటు వేరే, రెండు నెలలుగా జుట్టు కత్తిరించుకోలేదు, చెవులు కప్పేలా పెంచాడు, ఆ జుట్టు కింద చిన్న ఇయర్‌ఫోను, చొక్కా జేబులో ఫోను, మీటింగుకి ముందు కాల్ కలిపి ఉంచుతాడట, ఫోను మీద వేలితో రెండుసార్లు కొడితే తెలీదని అర్థం, జెన్సీ వెంటనే జవాబు చెప్పాలట, ఈ తెలివి ప్రెస్సుల మీద పెట్టి ఉంటే ఈపాటికి మేనేజరయ్యేవాడు, కొత్తగా వచ్చిన నీలకంఠం గారు, ప్లాంటు పెద్ద, ఖరాఖండీగా చెప్పేశాడట, ఇంటి దగ్గర ఎవరేం వెలగబెట్టారో నాకనవసరం, సోమవారం ఎవరి ప్లాను వాళ్ళే బోర్డు ముందు నిలబడి కారణాలతో చెప్పాలి, చెప్పలేనివాడు ఇంటికే అని, ఆ సోమవారం ఇవాళే, పదీ యాభైకి ఫోను మోగింది, ఏటే, ఉన్నావా, ఉన్నానండీ, ఫోను స్పీకరులో గట్టు మీద పెట్టింది, అవతల టీ కప్పుల చప్పుడు, ఎవరో అరే రూఫస్ భాయ్, బాల్ తో దేఖో ఇస్‌కా అని ఆయన జుట్టు చూసి నవ్వడం, అంతలో నీలకంఠం గారి గొంతు, ఇచ్ఛాపురం వైపు మనిషి, తెలుగులోనే పలకరించాడు, అన్నేళ్ళు ఇంట్లో కూకుని మా బాగా ప్లాన్లు రాసీవోడివయ్యా, ఇంటావిడ ఏటి సదువుకుంది అని. జెన్సీ చేతిలో బెండకాయ ఆగింది. ఆవిడికేటి సదువండీ, మిక్సీ సుచ్చి ఏయడం తప్ప మిషనంటే ఏటో తెల్దు, అన్నాడు రూఫస్.

మర్చిపోయి అన్నాడా, ఎలా మర్చిపోతాడు, ఉన్నావా అని అడిగి నిమిషం కాలేదు, వింటోందని తెలిసే అన్నాడు, నేనేమన్నా పడి ఉండి నువ్వే జవాబు అందించాలి అన్నట్టు అన్నాడు, బెండకాయలు తరుగుతూనే ఉంది, చేతికి జిగురు, ముక్కలు చిన్నవైపోతున్నాయి, కుర్చీలు జరిగాయి, బోర్డు మీద మార్కరు కిర్రుమంది, ఆయన ప్లాను చదువుతున్నాడు, అక్షరం పొల్లుపోకుండా చదువుతున్నాడు, చదవడం వచ్చు కదా, అప్పుడు నీలకంఠం గారు అడిగాడు, గోల చేసేది ఏడో నంబరైతే నాలుగో నంబరు ముందు ఆపమని రాశావు, ఎందుకు. ఎంత చక్కని ప్రశ్న, ఐదేళ్ళలో ఒక్కరైనా అడగని ప్రశ్న, జెన్సీ ఒళ్ళు ఝల్లుమంది, టక్ టక్, ఫోనులో ఆయన వేలు, జవాబు నాలుక చివర ఉంది, జెన్సీ నోరు మూసుకుంది. టక్ టక్. ఆయన గొంతు సవరించుకుని సర్, డేటా ప్రకారం అన్నాడు, డేటా నాకూ ఉంది, కారణం చెప్పు అన్నాడాయన, కుర్రాడెవడో కిసుక్కుమన్నాడు, హరికిరణ్ అయ్యుంటాడు, రూఫస్ రోజూ వీడియో మీటింగుల్లో ఏడిపించే కొత్త ఇంజినీరు, నవ్వు బాబూ, నా తరఫున కూడా నవ్వు, టక్ టక్ టక్, బాత్రూం బయట ఆపుకోలేనివాడు తలుపు కొట్టినట్టు కొడుతున్నాడు, చెమట పట్టి ఉంటుంది, ఆ జుట్టంతా మెడకి అంటుకుని ఉంటుంది, జెన్సీ కుడిచేత్తో మోకాలు తడుముకుంది, నీలంగా మారి, పసుపుపచ్చగా మారి, మళ్ళీ నీలంగా మారిన చోటు, కొట్టండి, ఇంకా కొట్టండి, ఇప్పుడు తన్నండి చూద్దాం, అంత దూరం కాలెలా వస్తుందో, ఇంత ఆనందం తన పెళ్ళిలో కూడా లేదు, కారుకూతలు కూసిన నోరు అక్కడ పదిమందిలో తడారిపోతుంటే ఇక్కడ తన నోట్లో నీళ్ళూరుతున్నాయి, ఇంత పాడుబుద్ధి తనలో ఎప్పటినుంచి ఉందో.

సర్లే, అన్నాడు నీలకంఠం గారు, కోపం కూడా లేకుండా, సంచీ సద్దుకుని ఇంటికెల్లిపో.

ఇంటికి. కత్తి గట్టు మీద పెట్టింది జెన్సీ, ఇంటికంటే ఇక్కడికే కదా, ఈ ఇంటికే, గంటలో స్కూటరు చప్పుడు, మెట్ల మీద అడుగులు, ఆ కుర్చీలో ఆ గుంటలో మళ్ళీ ఆయన, ఈసారి పది నుంచి ఒంటిగంట దాకా కాదు, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా, మీటింగులు లేవు కాబట్టి ఆ నవ్వు మొహం కూడా అక్కర్లేదు, కుక్కరు మీద తడిగుడ్డ, ఏటే నీళ్ళు, ఏటే నోర్ముయ్, ఏటే నీవల్లే, పలక ఉండదు, నాలుగో నంబరు ఉండదు, మడమ మాత్రం ఉంటుంది, ముప్ఫై ఎనిమిదేళ్ళ మగాడు, ఇంకెవడిస్తాడు ఉద్యోగం, ఇంట్లోనే, తన కళ్ళెదుటే, చచ్చేదాకా, టక్ టక్, జెన్సీ ఫోను లాక్కుని నోటి దగ్గర పెట్టుకుంది, నాలుగో నంబరు బేరింగు వారం వారం రెండేసి డిగ్రీలు వేడెక్కుతోంది, ఈ ఆదివారం ఆపకపోతే నడుస్తూ నడుస్తూ పట్టేస్తుంది, ఏడో నంబరుది వదులైన గార్డు రేకు చప్పుడే, పైగా దాని సామాను ఇరవయ్యో తారీకు దాకా రాదు, చెప్పండి, అంది, ఆయన అన్నాడు, సంచి మీద చెయ్యి పెట్టే అన్నట్టున్నాడు, ఒక్క మాట పోకుండా అన్నాడు, వెంటనే నీలకంఠం గారు, మరి ఇదే ముందే సెప్పీవచ్చుగదయ్యా, శభాష్, కూకో అన్నాడు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు, జెన్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ చప్పట్లు ఎవరికో ఆమెకి తెలుసు, అయినా ఏడుపు దానికి కాదు, గండం తప్పినందుకు, జాలిపడి చెప్పలేదు, కట్టుకున్నవాడని చెప్పలేదు, ఆయన పరువు గంగలో కలిసినా తనకి చీమ కుట్టినట్టుండదు, ఇంకా ఆయనకి అరవై నిండి రిటైరవడానికి ఇరవై రెండేళ్ళుంది, ఆ ఇరవై రెండేళ్ళూ రోజూ పదీ యాభైకి ఆ జేబులో కూర్చుంటుంది, అడిగినవన్నీ చెబుతుంది, అక్కడే పెద్దవాడై, మేనేజరై, దండలు వేయించుకోనీ, ఇంటికి మాత్రం రాకూడదు.