కార్డు మీద ఆయన నంబరు

దువ్వాడలో మా కాలనీ లైబ్రరీకి కంప్యూటరు వచ్చిన దగ్గర్నుంచీ గంగాధరరావు గారు నా ప్రాణం తోడేస్తున్నారు. పోర్టులో రిటైరైన మనిషి. చదివిన డిటెక్టివ్ నవలే మళ్లీ పట్టుకెళ్లి, ఇంట్లో తిట్లు తిని, వచ్చి నా మీద పడేవారు. ఆ పోరు పడలేక పోయిన వారం ఒక సదుపాయం పెట్టాను. ఎవరేం చదివారో కంప్యూటరు గుర్తుంచుకుంటుంది. పుస్తకం తిరిగివ్వగానే ఫోనుకి మెసేజీ వెళ్తుంది: "మీరు చదివిన పుస్తకాల వివరాలు లైబ్రరీలో చూసుకోవచ్చు." ఘనకార్యం చేశాననుకున్నాను.

ఈ పొద్దున మా కాలనీలోనే ఉండే కీర్తన ఒక పుస్తకం తిరిగిచ్చి వెళ్లింది. విడాకుల చట్టం గురించిన పుస్తకం. తీసుకున్న రోజునే చెప్పింది, "ఆయనకి తెలిస్తే సంపేత్తాడు మేడమ్" అని. ఆ మాట ఊరికే అనలేదని ఆమె మణికట్టు మీది కమిలిన మచ్చ చూసినవాళ్లకి తెలుస్తుంది.

కాసేపటికే ఆమె భర్త ఉమామహేష్ ఫోను పట్టుకుని కౌంటరు ముందుకొచ్చాడు. గ్యాసుకైనా రేషనుకైనా భర్త నంబరే రాయడం మా కాలనీ ఆడవాళ్ల అలవాటు. లైబ్రరీ కార్డుకీ కీర్తన అదే రాసింది.

"మా ఆవిడ ఏటి సదూతందో సూపించండి."

"అవి ఆమె వివరాలండీ."

"నంబరు నాది. మెసేజీ నాకొచ్చింది. సూపించడానికేటి?" అంటూ కౌంటరు మీదికి వంగాడు.

కీర్తన ఒక్కదాని వివరాలు తుడవడానికి వీల్లేదు. ఆ సదుపాయం ఆపేస్తే అందరివీ పోతాయి. ఆపేశాను. అతను స్క్రీను తనవైపు లాక్కునేసరికి అక్కడేమీ లేదు.

"తిరిగిచ్చిన పుస్తకాల పేర్లు మేం ఉంచం. ఆ మెసేజీ తప్పు" అన్నాను.

అతను నమ్మలేదు. వెనకే నిలబడ్డ గంగాధరరావు గారి వైపు తిరిగాడు. "మీకు సూపిత్తారా పెద్దాయనా?"

ఆయన చదివిన పుస్తకాల జాబితా మొన్ననే ప్రింటు తీసిచ్చాను. అది ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది. ఆయన నా మొహం చూశారు. చేతిలోని నవలని నెమ్మదిగా జేబుకి అడ్డం పెట్టుకున్నారు.

"నాకా? అంత అదురుష్టం కూడానేటి బాబూ! సదివిందే సదివి ఇంట్లో తిట్లు తింటన్నాను."

ఉమామహేష్ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. బండి చప్పుడు దూరమయ్యాక నాకు ఏడుపొచ్చింది. ముందు కీర్తన కార్డులో అతని నంబరు తీసేశాను.

గంగాధరరావు గారు జేబులోని కాగితం తీసి, చింపి, నా చెత్తబుట్టలో వేశారు. "ఇదుంటే నానాడిన మాట అబద్ధమయిపోద్ది" అన్నారు. తర్వాత నవల ముందుకు జరిపి, "ఇది సదివేసినానా అమ్మా?" అని అడిగారు.

అది ఆయన అప్పటికే రెండుసార్లు చదివారు.

"నాకు తెలీదండీ" అన్నాను.



"అలాగే, తెలీనట్టే ఉండండి" అన్నారాయన.