ఐదో కంచం

ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి రాగానే, ఇవాడ్ని డౌన్స్ గుడికి కట్టుకున్న బట్టలు కూడా మార్చకుండా పొయ్యి మీద కొబ్బరిపాలు పెట్టేది. అందులో చేప ముక్కలు, కర్రపెండలం, పచ్చి అరటికాయ, సీమపనస పడి ఉడుకుతుంటే కూతురు తాష్నా బల్ల మీద ఐదు కంచాలు సర్దేది. ఇంట్లో ఉండేది నలుగురే. ఇవాడ్ని, ఆమె భర్త వెర్నల్, పదిహేడేళ్ళ కొడుకు జైరస్, పదిహేనేళ్ళ తాష్నా. ఐదో కంచం ఆ వారం ప్రార్థనలో ఎవరి పేరు చెబుతారో వాళ్ళది.

వెర్నల్ తమ ఊరు బ్లూఫీల్డ్స్ రేవులో పడవల మోటార్లు బాగుచేస్తాడు. మొరేవియన్ క్రైస్తవ సంఘంలో పెద్ద. కళ్ళు మూసుకొని కృతజ్ఞతలు చెప్పి, చివర్లో దూరాన ఉన్న ఒక మనిషిని తలుచుకొని, "వాళ్ళకీ ఇంత పెట్టు ప్రభువా" అనేవాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఐదో కంచం ఖాళీ. ఆ మనిషి ఎక్కడున్నా ఆ వేళకి కడుపు నిండేది. ఓడలో వంటవాడిగా పనిచేసే ఇవాడ్ని తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా, పోయిన వారం చేపలో ముళ్ళు తియ్యలేదని సణిగేవాడు. కొత్తగా వచ్చిన పాస్టరుగారికి ఈ సంగతి చెబితే, తను నది ఎగువన సంఘాలు చూడ్డానికి వెళ్ళే వారం తన పేరు కూడా చెప్పమని అడిగి, మిరపకాయ కాస్త తగ్గించమన్నాడు. చనిపోయినవాళ్ళకి మాత్రం అది చెల్లదు. ఇవాడ్ని తల్లి పోయిన కొత్తలో, ఉండబట్టలేక ఒకసారి ఆవిడ పేరు చెప్పారు. కంచం నిండుగా అలాగే ఉండిపోయింది. కోళ్ళకి వేశారు.

ఆ ఏడాది మే నెలలో గాలివానకి ఒక చేపల పడవ తిరగబడింది. అందులో ఉన్న ముగ్గురిలో ఇద్దరిని ఇంకో పడవవాళ్ళు లాగి ఒడ్డుకి చేర్చారు. మూడోవాడు ఆర్విన్, పంతొమ్మిదేళ్ళవాడు, ఐసుపెట్టె పట్టుకొని కొట్టుకుపోయాడని వాళ్ళు చెప్పారు. గస్తీ పడవలు వారం రోజులు వెతికి మానేశాయి. రేవులో మూడు పడవలవాళ్ళు మాత్రం మానలేదు. తెల్లవారగానే పెట్రోలు నింపుకొని వెళ్ళడం, పొద్దుగూకే వేళకి తలలు వంచుకొని రావడం. ఆర్విన్ తల్లి క్లోటిల్డ్ రోజంతా రేవు చివర ఒక చెక్కపెట్టె మీద కూర్చొని ఉండేది. లేవమని ఎవరూ అనలేదు.

ఆర్విన్ చెల్లెలు యాడ్లిన్‌దీ తాష్నాదీ బడిలో ఒకే బెంచీ. పదకొండో రోజు మధ్యాహ్నం, నలుగురు ఆడపిల్లలు బడిలో సామాన్ల గది తలుపేసుకున్నారు. కాగితం మీద అక్షరాలు రాసి, నడుమ గాజుగ్లాసు బోర్లించి, తలా ఒక వేలు దాని మీద ఆనించారు. మా అన్న ఎలా ఉన్నాడని యాడ్లిన్ అడిగింది. గ్లాసు కదిలింది. ఒక్కో అక్షరం దగ్గరికీ జరుగుతూ, చచ్చాడు అని చెప్పి ఆగింది.

యాడ్లిన్ పుస్తకాల సంచీ వదిలేసి రేవుకి పరిగెత్తింది. సాయంత్రానికి క్లోటిల్డ్ ఆ పెట్టె మీంచి లేచింది. ఇంటికి వెళ్ళి గుమ్మానికి నల్లగుడ్డ కట్టింది. మూడు పడవలవాళ్ళనీ పిలిపించి, ఇన్నాళ్ళు తిరిగారు, ఇంక చాలు నాయనా అంది.

మర్నాడు పొద్దున్న బజార్లో కొబ్బరి రొట్టెలు అమ్ముతున్న ఇవాడ్నికి ఈ కబురు తెలిసింది. గ్లాసు ఆడినవాళ్ళలో నీ కూతురు కూడా ఉందటగా అని రొట్టె కొన్నావిడే చెప్పింది. ఇవాడ్ని బుట్ట పక్కావిడకి అప్పజెప్పి, రేవుకి వెళ్ళి, చేతుల గ్రీజైనా తుడుచుకోనివ్వకుండా వెర్నల్‌ని వెంటబెట్టుకొచ్చింది. మధ్యాహ్నం పిల్లలు బడినుంచి వచ్చేసరికి ఇద్దరూ బల్లకి అటొకరు ఇటొకరు కూర్చొని ఉన్నారు. పనిరోజున నాన్న ఆ వేళకి ఇంట్లో కనబడగానే తాష్నాకి అర్థమైపోయింది.

మొదటి పావుగంట ఇవాడ్నిదే. దయ్యాలతో ఆటలేమిటంది. మోషే కాలంనుంచీ దేవుడు వద్దన్న పనిని సంఘపెద్ద కూతురు బడి సామాన్ల గదిలో చేసిందంది. ఇంక ఆ యాడ్లిన్ పక్కన కూర్చోవద్దంది. జైరస్ అరటికాయ ముక్క నములుతూ, పనిలో పనిగా లెక్కల పరీక్షలో ఏమొస్తుందో కూడా అడగాల్సింది అన్నాడు. వాడికీ పడ్డాయి అక్షింతలు.

వెర్నల్ ఒక్కటే అడిగాడు. "గ్లాసుని నువ్వు తోశావా?"

తాష్నా తన వేలు చూసుకుంది. "తెలీదు నాన్నా. ఒట్టు, నిజంగా తెలీదు. అందరి వేళ్ళూ ఉన్నాయి. నాకు మాత్రం రెండ్రోజులనుంచీ ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. అది రాకూడదు, అది రాకూడదు అనుకుంటూ కూర్చున్నాను. అదే వచ్చింది."

"విన్నావా," అంది ఇవాడ్ని మొగుడితో.

"నాకు ఒకటి చెప్పమ్మా," అంది తాష్నా. "మనింట్లో పేరు చెబితే కంచం ఖాళీ అవుతుంది. అది మంచిది. బడిలో గ్లాసు కదిలితే అది దయ్యం. తేడా ఏంటో చెప్పండి. మళ్ళీ ముట్టుకోను."

బయట రేకుల మీద వాన దంచుతోంది. పదేళ్ళుగా ఆదివారం బడిలో పాఠాలు చెబుతున్న వెర్నల్, ఈ మాట తననెప్పుడూ ఎవరూ అడగలేదని, కాస్త ఆలోచించుకోనివ్వమని అన్నాడు.

ఇవాడ్ని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. వాళ్ళకి వీపు పెట్టి గరిటె తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళికాకముందు ఒకసారి తను నది ఎగువన ఉండే ఓబియా మనిషి దగ్గరికి వెళ్ళిందట. వేర్లు, తాయెత్తులు, సీసాల్లో మంత్రించిన నీళ్ళు ఇచ్చే మనిషి. ఒకబ్బాయి మనసు తనవైపు తిప్పమని అడగడానికి వెళ్ళింది.

"నా మనసా?" అన్నాడు వెర్నల్.

"నీది కాదు. సైకిలున్న అబ్బాయిది."

నాన్న మొహం చూసి జైరస్ నవ్వు ఆపుకుందామనుకున్నాడు గానీ ఆపుకోలేకపోయాడు. వెర్నల్‌కీ నవ్వొచ్చింది. ఇవాడ్ని మాత్రం నవ్వలేదు. ఆ మనిషి సీసాలోకి చూసి, నీకు అడ్డం కట్టింది నీ అక్కే అన్నాడట. ఆ మాట పట్టుకొని ఆమె ఆరేళ్ళు అక్క ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. అక్క పెళ్ళికి వెళ్ళలేదు. అక్కకి పుట్టిన మొదటి బిడ్డ నెల తిరక్కుండా పోతే చూడ్డానికీ వెళ్ళలేదు.

"అక్క ఏమీ చెయ్యలేదు తాష్నా. నేనెందుకు మాట్లాడ్డం లేదో కూడా దానికి తెలీదు. లోపల దయ్యముందా లేదా అంటే నేను చెప్పలేను. ఆ మాట ఏం చేస్తుందో చెప్పగలను. పొద్దున్న మూడు పడవలూ తాళ్ళు కట్టేసి ఉన్నాయంటే నాకు ఆ సీసా గుర్తొచ్చింది."

తాష్నా గబుక్కున తల్లివైపు తిరిగింది. "పడవలు వెళ్ళలేదా?"

"నిన్న సాయంత్రంతో వెతకడం మానేశారు," అన్నాడు జైరస్. ఈసారి వాడి గొంతులో వేళాకోళం లేదు.

వెర్నల్ గ్రీజు చేతులు బల్ల మీద పెట్టి చూసుకుంటూ ఉన్నాడు. "పోయిన ఆదివారం ఆర్విన్ పేరు నా నోటిదాకా వచ్చింది," అన్నాడు. "మింగేశాను. కంచం అలాగే ఉండిపోతే వెళ్ళి క్లోటిల్డ్‌కి ఏం చెప్పను? భయమేసి మీ మావయ్య పేరు చెప్పాను. నువ్వు తేడా అడిగావు కదమ్మా. ఆ రోజు తేడా లేదు. వాడికి అన్నం పెట్టాల్సింది పోయి, ఆ కంచం నాకు ఏం చెబుతుందోనని చూశాను."

తాష్నా లేచి అరమీంచి ఐదో కంచం తీసింది. బుధవారం ఆ కంచం కిందికి దిగడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

"తెలుసుకోడానికి కాదు నాన్నా," అంది. "పన్నెండు రోజులైంది. ఆకలేస్తుంటుంది."

ఇవాడ్ని కంచం నిండా వడ్డించింది. పక్కన చెంబుడు నీళ్ళు పెట్టింది. ప్రార్థన నువ్వే చెయ్యి అన్నాడు వెర్నల్. తాష్నా కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇంట్లో రోజూ వినే మాటలేవీ గుర్తుకి రాలేదు. "ఆర్విన్‌కి ఇంత పెట్టు ప్రభువా, ఆమెన్," అంది అంతే. కళ్ళు తెరవడానికి ధైర్యం చాలక అలాగే ఉంటే, జైరస్ కుర్చీ వెనక్కి పడిపోయిన చప్పుడైంది.

కంచం కడిగినట్టుంది. చేప ముల్లు కూడా మిగల్లేదు. చెంబులో చుక్క లేదు.

ఇవాడ్ని వెంటనే మళ్ళీ వడ్డించింది. మళ్ళీ పేరు చెప్పారు. ఖాళీ. మూడోసారి ఆమెన్ పూర్తవకముందే చెంబు ఒరిగింది. కుండ అడుగు గీకి నాలుగో కంచం పెట్టి కళ్ళు తెరిస్తే, ఖాళీ కంచం నడుమ బూడిదరంగు మచ్చలున్న చిన్న గుడ్డు ఒకటి ఉంది. ఇంతకాలంలో ఐదో కంచంలోంచి వెనక్కి ఏదీ రాలేదు. వెర్నల్ దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది. టోపీలో పెట్టుకొని, చెప్పులు వేసుకోకుండా వానలో రేవువైపు పరిగెత్తాడు.

తాష్నా ఇంకో దారిన పరిగెత్తింది. క్లోటిల్డ్ ఇంటి గుమ్మంలో నల్లగుడ్డ తడిసి వేలాడుతోంది. లోపల పాస్టరుగారు రేపటి ప్రార్థనకి పాటలు అడుగుతున్నాడు. తాష్నా నీళ్ళోడుతూ నిలబడింది.

"మిస్ క్లోటిల్డ్, గ్లాసు చెప్పింది అబద్ధం. అది నా భయమో ఎవరి భయమో నాకు తెలీదు. నా వేలు కూడా దాని మీద ఉంది. మన్నించండి. ఆర్విన్ ఇప్పుడే మా ఇంట్లో నాలుగు కంచాలు తిన్నాడు."

క్లోటిల్డ్ ఆమెని ఎగాదిగా చూసింది. "ఏం పెట్టారు?"

"చేప, కర్రపెండలం, సీమపనస."

"వాడు సీమపనస ముట్టడు."

"ఇవాళ తిన్నాడు, మిస్ క్లోటిల్డ్. తొక్కతో సహా."

క్లోటిల్డ్ వెళ్ళి నల్లగుడ్డ పీకి, దానితోనే పొయ్యి మీది వేడి కుండ పట్టుకొని దించింది. చావింటికి వచ్చేవాళ్ళ కోసం వండించిన బీన్సన్నం అది. పద, అంది.

రేవులో మూడు పడవలవాళ్ళూ ఆ గుడ్డుని ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకొని చూశారు. అలాంటి మచ్చల గుడ్లు పెట్టే పిట్టలుండేది ఒక్కచోటే. తూర్పున, చివరి దీవులు కూడా దాటాక, గడ్డిపరకైనా మొలవని బోడిరాయి. అంతదూరం కొట్టుకుపోతాడని ఎవరికీ తోచలేదు. వెర్నల్ మోటార్లు చూస్తుండగానే పెట్రోలు డ్రమ్ములు ఎక్కాయి, తాళ్ళు ఊడాయి. రెండు కొట్టేలోగా మూడు పడవలూ వరసగా నీళ్ళు చీల్చుకుంటూ వెళ్ళిపోయాయి. జైరస్ మొదటి పడవ ముక్కున కూర్చున్నాడు. ఎవరూ ఎక్కించుకోలేదు, వాడే ఎక్కాడు.

ఇక ఊరంతా డౌన్స్ వాళ్ళ ఇంటికి కదిలింది. తాబేలు కూర ఒకరు, అల్లం రొట్టె ఒకరు, కొబ్బరి అన్నం ఒకరు. సందులో గిన్నెలు పట్టుకొని వరసలో నిలబడ్డారు. పేరు చెప్పి చెప్పి తాష్నా గొంతు బొంగురుపోతే యాడ్లిన్ అందుకుంది. మరీ ఎక్కువ పెడితే అరగక పోతాడని ఆసుపత్రి నర్సు కోప్పడింది. అప్పట్నించి గంటకి ఒక కంచం, రెండు చెంబుల నీళ్ళు. చీకటి పడేదాకా అలాగే జరిగింది.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి పడవలు తిరిగొచ్చాయి. ఎండకి పొట్టు లేచిన మొహంతో, జైరస్ చొక్కా తొడుక్కొని, ఆర్విన్ తన కాళ్ళ మీదే రేవు మెట్లెక్కాడు. క్లోటిల్డ్ వాడి చెంప మీద ఒకటి వేసి, తర్వాత పట్టుకొని వదల్లేదు.

ఆదివారం ఆర్విన్, యాడ్లిన్, క్లోటిల్డ్ ముగ్గురూ డౌన్స్ ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. కుర్చీలు చాలక జైరస్ తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఆ గుడ్డు ఎందుకు పంపావని తాష్నా అడిగింది. దారి చెప్పడానికా?

"దారేంటి?" అన్నాడు ఆర్విన్. "పెట్టినవాళ్ళ గిన్నె ఉత్తిగా పంపితే మా అమ్మ ఊరుకుంటుందా? నా దగ్గర అదొక్కటే మిగిలింది."

కాసేపు తిని, కంచంలోకి చూస్తూ తాపీగా మళ్ళీ చెప్పాడు.

"ఆవేళ మధ్యాహ్నం ఇంక చాలనుకున్నాను. ఈదుకుంటూ పోదామని నీళ్ళలోకి దిగాను. ఒడ్డుకి చేరాలని కాదు. ఊరికే, అలా పోదామని. నడుం దాకా వచ్చాక నోట్లో కొబ్బరిపాలు తగిలాయి. తర్వాత చేప. నోటినిండా పెట్టుకొని ఎలా ఈదుతాను తాష్నా? వెనక్కొచ్చి కూర్చొని తిన్నాను. అది అయిపోయాక లేద్దామనుకున్నాను. ఇంకో కంచం వచ్చింది."