గుండుగాడి రాక్షసి పెద్దమ్మ

మా మెట్ల మీద పిల్లలు నన్ను చూడగానే గోడకు అతుక్కుపోవడం మొదలైనప్పుడు, నా మోకాళ్ల నొప్పులు చూసి దారి ఇస్తున్నారనుకుని మురిసిపోయాను. ఈ కాలం పిల్లలకు కూడా పెద్దవాళ్లంటే గౌరవం ఉందే అనుకున్నాను. కింది అంతస్తు టీచరమ్మ కూతురు, ముందుపళ్లు ఊడిన పిల్ల, ఒకరోజు ధైర్యం చేసి అడిగేసింది.

"మామ్మా, నువ్వు నిజంగా పిల్లల్ని బీరువాలో పెట్టి తాళం వేస్తావా?"

టీచరమ్మ పరుగున వచ్చి దాని నోరు మూసింది. "ఏమనుకోకండి మామ్మగారూ. మొన్నామధ్య టీవీలో మీవాడి ఇంటర్వ్యూ వచ్చింది."

"మావాడా? ఏమన్నాడు?"

"ఏముందండీ, చిన్నప్పటి కష్టాలూ అవీ..." అంటూ పిల్లను మెల్లగా తన వెనక్కి లాక్కుంది.

మావాడంటే నా చెల్లెలి కొడుకు. నేనే పెంచాను. ఇంట్లో వాడి పేరు గుండు. ఇప్పుడు మాత్రం మా సందు చివర గోడ మీద మేడంత ఎత్తున, జుట్టు ఎగరేసుకుంటూ నిలబడి ఉంటాడు. ఆ జుట్టు చూసే సగం మంది టిక్కెట్టు కొంటారట. అందులో పేలు ఏరిన చేతులివే.

ఇంటర్వ్యూ మళ్లీ వేస్తే టీచరమ్మ ఇంట్లోనే కూర్చుని చూశాను. తెల్ల సోఫాలో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ చెబుతున్నాడు. పెద్దమ్మ గుండు గీయించిందట. బీరువాలో పడేసేదట. తిండి పెట్టకుండా మాడ్చేదట. అన్నిటికీ మించి, కన్నతల్లిని ఇంట్లోంచి గెంటేసి వాణ్ని ఆమెకు దూరం చేసిందట. ఎదురుగా ఉన్న యాంకరమ్మ ముక్కు చీదింది. టీచరమ్మా చీదింది. నాకు తెలియకుండానే నేనూ చీదాను. వాడు అంత బాగా చెప్పాడు మరి. ఆ రాక్షసిని నేనేనని కాసేపటికి గానీ గుర్తురాలేదు.

అంతటితో పోతే నేనూ ఊరుకునేదాన్ని. ఆ కథనే సినిమాగా తీస్తున్నారట. హీరో వాడేనట. నా వేషం గయ్యాళి పాత్రలకు పేరుపడ్డ ఆవిడ వేస్తోందట. ఈ సంగతి కిరాణాకొట్టు ఆయన చెప్పి, షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు. మా ముందుగదిలో నాకు ఇస్త్రీ కొట్టు ఉంది. చొక్కాలు తెచ్చే ఒకాయన, "వాతలు పెట్టింది కూడా ఇక్కడేనా?" అని బల్లను తడిమి చూశాడు. ఆ ముక్క ఇంటర్వ్యూలో లేదు. ఆయన సొంత సరుకు.

నన్ను రాక్షసి అంటే రాక్షసులు నవ్విపోతారు. నేను పుట్టుపిరికిదాన్ని. తలుపు గడియ వేసి పడుకున్నాక, వేశానో లేదో అని లేచి చూస్తాను. చూశానో లేదో అని మళ్లీ లేస్తాను. ఎవరైనా గడప దాటుతూ "వెళ్తాను" అంటే నా ప్రాణం విలవిల్లాడుతుంది. వెనక్కి పిలిచి "వెళ్లొస్తాను" అనిపించిగానీ వదలను. గ్యాస్ బండ తెచ్చే అతను కూడా "వెళ్లొస్తా పెద్దమ్మా" అనందే మెట్లు దిగడు.

ఈ జబ్బు నాకు మా చెల్లెలి వల్ల పట్టుకుంది.

మొగుడు ఎటో పోయాక పిల్లాణ్ని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. వాడికి మాటలూ నడకా మా ఇంట్లోనే వచ్చాయి. వాడు బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడు, ఒక పొద్దున పెట్టె సర్దుకుంది. వేరే ఊళ్లో పని దొరికిందని చెప్పింది. గుమ్మంలో నిలబడి వాడి తల నిమిరి, "వెళ్లొస్తా నాన్నా" అంది. అందరం అనేదే కదా. సందు చివరికి వెళ్లినా అంటాం, సముద్రం దాటి పోతున్నా అంటాం. అందులో "వస్తా" ఉందని మనం పట్టించుకోం. వాడు పట్టించుకున్నాడు.

"అమ్మ వస్తానంది" అని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వచ్చాకే తింటానని మూతి బిగించాడు. బీరువాలో దాని పాత బట్టలు కొన్ని మిగిలిపోతే, ఆ వాసన కోసం అందులో దూరి కూర్చునేవాడు. తలుపు పడిపోయి ఊపిరాడదేమోనని, సందులో గరిటె అడ్డం పెట్టి నేను కాపలా ఉండేదాన్ని. ఇక గుండంటారా, అది బడిలో పేలు పడినందుకు. క్లాసు క్లాసంతా గుండ్లే. కాకపోతే "అమ్మ వస్తే నన్ను గుర్తుపట్టదు" అని మావాడు ఏడ్చిన ఏడుపు ఆ క్లాసులో ఇంకెవరూ ఏడవలేదు.

చెల్లెలు రాలేదు. రెండు మూడేళ్లకు, మా కొట్టుకొచ్చే బస్సు కండక్టరు ఆమెను వేరే ఊళ్లో చూశానన్నాడు. పక్కన ఎవరో ఆయన, చంకలో పసిపాప. "నా గురించి అడిగిందా?" అన్నాను. "నన్ను చూసి మొహం తిప్పుకుందమ్మా" అన్నాడు. గుండుగాడు అప్పుడు లోపలెక్కడో ఉన్నాడు. వినలేదనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అలాంటివాడు సినిమాల్లోకి అల్లరి వల్ల వెళ్లాడు. నా నడక, నా గొంతు, నేను గడియ చూసుకునే తీరు అచ్చు గుద్దినట్టు చేసి, కొట్టుకొచ్చినవాళ్లను నవ్వించేవాడు. బడి ఎగ్గొట్టి నాటకాలు, నాటకాల్లోంచి సినిమాలు. మొదటి సినిమాలో శవం వేషం. పొట్ట కదులుతోందని శవాన్ని తిట్టారట. తర్వాత హీరో చేతిలో తన్నులు తినే గుంపులో ఒకడు. నేను ఇరుగుపొరుగును వెంటబెట్టుకుని వెళ్లి, "అదుగో, ఆ గాల్లోకి ఎగిరిన చెప్పు మావాడిదే" అని చూపించేదాన్ని.

ఆ తర్వాత ఒక డ్రైవరు వేషం. విలన్‌తో "వెళ్తాను సార్" అని చెప్పి పోవాలి, అంతే. వీడు గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "వెళ్లొస్తా. నేను వెళ్లొస్తా అన్నానంటే... వస్తా!" అన్నాడు. తిట్టబోయిన డైరెక్టరు నోరు మూసుకున్నాడట. హాల్లో ఈలలకు పైకప్పు లేచిపోయింది. ఆ ముక్కే వాణ్ని హీరోను చేసింది. ఇప్పుడు ప్రతి సినిమాలోనూ అది అనకపోతే జనం ఊరుకోరు. లారీల వెనక కూడా అదే రాసుకుంటున్నారు. అందరూ ఈలలు వేస్తుంటే, ఆ మాట ఎక్కడిదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే ముక్కు తుడుచుకుంటూ కూర్చుంటాను.

సరే, నా పరువు సంగతికి వస్తాను. ఫోను చేస్తే వాడి మేనేజరు ఎత్తి "సార్ షాట్‌లో ఉన్నారు" అన్నాడు. "అయితే నేనే వస్తున్నానని చెప్పు" అని, ఇస్త్రీపెట్టె ఆపానో లేదో మళ్లీ మళ్లీ చూసుకుని బయల్దేరాను. నా మీద వేసిన నిందలన్నీ వాడి నోటితోనే తప్పని చెప్పించాలి. అది జరగందే ఇంటికి రాకూడదనుకున్నాను.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు స్టూడియో గేటు దగ్గర కాపలావాడు.

"రాక్షసి పెద్దమ్మని."

ఠక్కున లేచి గేటు తీశాడు. చెడ్డపేరుతో పనులు ఇంత తొందరగా అవుతాయని నాకు అప్పుడే తెలిసింది.

లోపల రేకుల షెడ్డులో మా ఇల్లు ఉంది. అచ్చం మా ఇల్లే. ఇస్త్రీ బల్ల, దాని మీద కాలిన మచ్చ, కిటికీ, బీరువా. కానీ మూలమూలనా బూజు వేలాడదీశారు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరయ్యా ఇది కట్టింది? నా ఇంట్లో బూజా?" అని చీపురు కోసం వెతుకుతుంటే ఒకావిడ వచ్చి నా చేతులు పట్టుకుంది. నా వేషం వేసినావిడ. తెర మీద ఆవిణ్ని చూస్తే పాలు విరిగిపోతాయి. దగ్గర్నుంచి చూస్తే నోట్లో నాలుక లేని మనిషి.

"మీరొచ్చారు, బతికిపోయానమ్మా," అంది గుసగుసగా. "పొద్దున్నుంచీ తిడుతున్నాను, డైరెక్టరుగారికి నచ్చట్లేదు. మీరెలా తిట్టేవారో కాస్త చెబుతారా?"

"నేను తిట్టలేదు తల్లీ. అది చెప్పడానికే వచ్చాను."

"పోనీ, తిట్టి ఉంటే ఎలా తిట్టేవారు?"

ముందు తనని తిట్టి చూపించమన్నాను. చెయ్యి చాపి, "ఓసి పాపిష్టిదానా! ఈ క్షణమే నా ఇంటి నుండి వెళ్లిపో!" అంది.

"అదేం తిట్టమ్మా? స్టేషన్లో రైలొస్తోందని చెప్పినట్టుంది. నిజంగా కోపమొచ్చిన మనిషి అరవదు. చేస్తున్న పని ఆపదు. ఇస్త్రీ చేస్తూ, తలెత్తకుండా, 'ఇంకా ఇక్కడే ఉన్నావా?' అంటుంది. అని, పెట్టెను ఇదిగో, ఇలా నిలబెడుతుంది."

ఠపీమని నిలబెట్టి చూపించాను. లైట్లు పట్టుకున్నవాళ్లు వెనక్కి జరిగారు. డైరెక్టరు కుర్చీలోంచి లేచిపోయాడు. "అబ్బ! అమ్మా, ఇంకోసారి!"

ఇంకోసారి చూపించాను. ఈసారి కళ్లు కూడా కాస్త చిట్లించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఏ పని మీద వచ్చి ఏ పని చేస్తున్నానో అప్పుడు తెలిసొచ్చింది.

"పెద్దమ్మా!" గుండుగాడు వెనక నుంచి వచ్చి, నన్ను చెయ్యి పట్టుకుని వాడి వ్యాన్‌లోకి లాక్కుపోయాడు.

"ఒరేయ్ గుండూ..."

"మెల్లగా పెద్దమ్మా! బయట విలేకర్లున్నారు. గుండు అని విన్నారంటే ఇది విగ్గనుకుంటారు."

"అనుకోనీ! నా పరువు బజారున పడేసి నీ జుట్టు కోసం ఏడుస్తావా? నేను నిన్ను మాడ్చానా? ముద్దకో కథ చెప్పి మింగించాను కదరా!"

"మింగించావు."

"బీరువాలో పెట్టానా?"

"నేనే దూరాను."

"మా చెల్లెల్ని నేను గెంటానా?"

వాడు అద్దం ముందున్న దువ్వెన తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

"కండక్టరు వచ్చిన రోజు నేను బీరువాలో ఉన్నాను పెద్దమ్మా. తలుపు సందులో నీ గరిటె ఉందిగా, అంతా వినపడింది."

నేను అక్కడున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అమ్మకి సినిమాల పిచ్చని నువ్వే చెప్పేదానివి. నావీ చూస్తూనే ఉంటుంది. ప్రతి సినిమాలో వెళ్లొస్తా, వెళ్లొస్తా అని అరుస్తున్నా రావట్లేదు. వదిలేసి పోయింది కదా, ఏ మొహం పెట్టుకుని వస్తుంది? అదే నువ్వు గెంటేశావనుకో..."

"అనుకుంటే?"

"తప్పు తనది కాదుగా. దర్జాగా వచ్చెయ్యొచ్చు."

"దాని తప్పు నా నెత్తిన రుద్దుతావా?"

"ఇంకెవరి నెత్తిన రుద్దను? నాకున్నదే నువ్వు." చిన్నప్పుడు నా కళ్లజోడు దాచి నవ్విన నవ్వే మళ్లీ నవ్వాడు. "నీ ఇష్టం పెద్దమ్మా. వద్దంటే ఇప్పుడే బయటికెళ్లి అంతా అబద్ధమని చెప్పేస్తా. సినిమా ఆపేస్తా."

చెప్పేస్తాడు, నాకు తెలుసు. నా పరువు నాకు వచ్చేస్తుంది. టీచరమ్మ తన కూతుర్ని మళ్లీ నా ఒళ్లో కూర్చోబెడుతుంది. నేను వచ్చిందే దానికి. కానీ వాడు ఆ దువ్వెన తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తున్నాడు. అప్పట్లో కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీసింది కూడా ఇలాగే. అయినా చెల్లెలు వాడితో ఒక్కడితోనే చెప్పి వెళ్లిందా? మెట్లు దిగుతూ "వెళ్లొస్తా అక్కా" అని నాతోనూ అంది. నేనూ ఎదురుచూశాను. పెద్దదాన్ని కాబట్టి బీరువాలో పట్టలేదు, అంతే.

లేచి జుట్టు సవరించుకున్నాను. "పద."

విలేకర్లు నా మూతి కింద మైకులు పెట్టారు.

"మీరు నిజంగా చెల్లెల్ని గెంటేశారా అమ్మా?"

"గెంటాను. దాని బట్టల పెట్టె కూడా నేనే విసిరాను."

"పిల్లాణ్ని గరిటెతో కొట్టేవారా?"

"గరిటె చిన్న తప్పులకు."

"మరి పెద్ద తప్పులకు?"

"నువ్వు ఒకటి చేసి చూడు నాయనా, చూపిస్తాను."

అతను మైకు వెనక్కి తీసుకున్నాడు. గుండుగాడు మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఏడ్చాడని మర్నాడు పేపర్లో రాశారు. ఆ భుజాలు ఎగరడం నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. వాడు నవ్వాడు.

"ఇప్పుడు మీ చెల్లెలు తిరిగొస్తే ఏం చేస్తారు?"

ప్రశ్న అడిగిన అమ్మాయిని చూడకుండా కెమెరా కేసి చూశాను. "మళ్లీ గెంటే ఓపిక నాకు లేదమ్మా. లోపలికి రానిస్తాను."

ఆ తర్వాత గెంటేసే ఘట్టం తీశారు. నా వేషం వేసినావిడ తలెత్తకుండా "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని ఇస్త్రీపెట్టె ఠపీమని నిలబెట్టింది. నాకే భయమేసింది. మా చెల్లెలి వేషం వేసిన అమ్మాయి గుమ్మంలో ఆగి, "వెళ్తున్నాను!" అని ఏడ్చింది.

"కట్!" అన్నాను. ఆ మాట డైరెక్టరే అనాలని నాకేం తెలుసు? "అలా అనలేదది. 'వెళ్లొస్తా నాన్నా' అంది."

డైరెక్టరు తల గోక్కున్నాడు. "గెంటేస్తుంటే పోయే మనిషి వెళ్లొస్తానని ఎందుకంటుందమ్మా? లాజిక్ ఉండొద్దూ?"

"లాజిక్ నాకు తెలీదు బాబూ. రాక్షసినని ఒప్పుకున్నాను. గరిటె ఒప్పుకున్నాను. చివరికి ఆ బూజు కూడా ఒప్పుకున్నాను. ఈ ఒక్క మాట మాత్రం మార్చనివ్వను."

డైరెక్టరు గుండుగాడి వైపు చూశాడు. వాడు నా వైపు చూశాడు.

"అలాగే పెట్టండి," అన్నాడు, తెర మీద ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో.

సినిమా వచ్చింది. టీచరమ్మతో కలిసి వెళ్లాను. హాలంతా నన్ను తిట్టిపోసింది. ఆ రాక్షసిని నేనేనని ఎవరికీ అనుమానం రాకూడదని నేనూ నాలుగు తిట్టాను. హాయిగానే ఉంది. అప్పుడు ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి, "వెళ్లొస్తా నాన్నా" అంది. ఈల వేద్దామని నోట్లో వేళ్లు పెట్టుకున్నవాళ్లు, ఆ వేళ్లు అలాగే ఉంచుకుని కూర్చుండిపోయారు.

ఒక్క షాట్ మాత్రం గుండుగాడు నాతో చెప్పకుండా పెట్టాడు. బీరువా తలుపు సందులో అడ్డంగా ఒక గరిటె. అది అక్కడెందుకుందో సినిమాలో ఎవరూ చెప్పరు.

"ఆ గరిటె ఏమిటి మామ్మగారూ?" అంది టీచరమ్మ బయటికి వస్తూ.

"కొట్టడానికి చేతికందేలా పెట్టుకున్నాను," అన్నాను.

ఇప్పుడు కిరాణాకొట్టులో నన్ను చూసి వరస మొత్తం పక్కకు జరుగుతోంది. చొక్కాలవాళ్లు గుండీ ఊడినా నోరెత్తడం లేదు. టీచరమ్మ కూతురైతే స్నేహితుల్ని తీసుకొచ్చి నన్ను దూరం నుంచి చూపిస్తోంది. నేను కళ్లు చిట్లిస్తే కేకలు పెడుతూ మెట్లు దిగి పారిపోయి, మళ్లీ వస్తారు.

చెల్లెలు ఇంకా రాలేదు. సినిమా వేరే ఊళ్లలో ఇంకా ఆడుతూనే ఉంది.

తలుపు గడియ మాత్రం మానేశాను. దగ్గరగా వేసి ఊరుకుంటున్నాను. టీచరమ్మ చూసి కంగారుపడింది. "ఒంటరిగా ఉంటారు, గడియ తీసి పెట్టుకుంటే ఎలా మామ్మగారూ? దొంగలు పడితే?"

"భలేదానివే," అన్నాను. "రాక్షసి ఇంట్లో ఏ దొంగ పడతాడమ్మా!"