కట్ అనకముందే నవ్వించాను

మా అమ్మాయి శ్రీదివ్య ఇక్కడి యూనిలో, అదే యూనివర్సిటీలో, సినిమా కోర్సు చదువుతోంది. వందేళ్ల కిందటి ఇంగ్లీషు హత్య కథ ఒకటి పట్టుకుని, తోటి విద్యార్థి వంశీధర్‌తో కలిసి చిన్న సినిమా తీస్తోంది. అందులో తనూ వేషం వేస్తానంటే సంతోషించాను. తీరా చూస్తే శవం వేషం!

"ఆ వేషానికి ఇంకెవరూ దొరకలేదా ఏంటే?"

"అమ్మా, ఈ బుక్ మీద రెండు పాత సినిమాలొచ్చాయి. రెండిట్లోనూ ఆ చచ్చిపోయినావిడ బూట్లే చూపించారు. అందరికీ డిటెక్టివే కావాలి. ఐ వాంట్ దెమ్ టు సీ హర్ ఫేస్."

మాట బాగానే ఉంది. కానీ ఆ మొహం నా కూతురిది కదా!

మా చిన్నాన్న మద్రాసులో సినిమావాళ్లకు బట్టలు కుట్టేవాడు. శవంగా పడుకున్నవాళ్లను షాట్ అవగానే లేపి, కెమెరా వైపు చూసి నవ్వమనేవారట, కీడు పోవాలని. అలా చేస్తానంటేనే ఒప్పుకుంటానన్నాను.

"ఓకే, ఓకే," అంది.

మేముండే ద పాండ్స్ పేటలో, మా ఇంటి హాల్లోనే షూటింగు. కిటికీలోంచి సాయంకాలపు ఎండ సరిగ్గా మొహం మీద పడాలట. దివ్య తెల్లగా పౌడరు పూసుకుని కార్పెట్ మీద పడుకుంది. కెమెరా మెల్లగా దగ్గరికి జరిగింది. పిల్ల రెప్ప కదల్లేదు. ఊపిరి తీస్తున్నట్టే లేదు. ఎంతకీ లేవదే!

"దివ్యా, లేవవే! నవ్వు, నవ్వు!" అని అరిచేశాను.

ఉలిక్కిపడి లేచి, నిజంగానే నవ్వేసింది. వంశీధర్ తల పట్టుకున్నాడు.

"ఆంటీ! ఇంకా కట్ అనలేదు. అక్కడ ఎండ పోతోంది!"

"మళ్లీ పడుకుంటే మళ్లీ నవ్వాలి మరి," అన్నాను, తప్పు నాదే అయినా.

"పదిసార్లు నవ్వుతా. నువ్వు మాత్రం ప్లీజ్ డోంట్ టాక్, అమ్మా!"

కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఈసారి చూపు తిప్పుకోలేదు. కార్పెట్ మీద ఎవరో ఒంటరి ఆడమనిషి, ఏదో చెప్పబోతూ ఆగిపోయినట్టుంది. ఇంత విద్య ఎప్పుడు నేర్చిందీ పిల్ల! కట్ అన్నాక నవ్విందనుకోండి, నేను మాత్రం ఏడుస్తున్నాను.

సినిమా యూని హాల్లో వేశారు. తెర నిండా ఆ మొహమే. పక్క సీట్లోని తెల్లావిడ కళ్లు తుడుచుకుంటూ "పూర్ థింగ్" అని గొణిగింది.

నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "డెడ్ లేడీ మై డాటర్!" అన్నాను, ముందు వరసవాళ్లంతా వెనక్కి తిరిగేంత గట్టిగా.