మూడేళ్ల షీల్డు

షీల్డు ఇవ్వడం కూడా ఒక బేరమేనని కొబ్బరి వ్యాపారి బుల్లబ్బాయి లెక్క. పేరు చెక్కించి ఇచ్చాక ఆ పేరు ఊళ్లు తిరగాలి. ఈ ఏడు అమలాపురం, పై ఏడు రాజోలు, ఆ పై ఏడు కొత్తపేట. గెలిచినవాళ్లు బండి మీద పెట్టి బాజాలతో తీసుకుపోతుంటే దారి పొడుగునా జనం ఇదెవరిచ్చారని అడగాలి. అలా తిరిగే షీల్డు ఇచ్చినవాడికి గిట్టుబాటు అవుతుంది. తిరగనిది దండగ.

అలాంటి దండగ పని ఆయన 1972లో ఒకటి చేశాడు. అమలాపురంలో ఏటా డిసెంబరులో జరిగే హైస్కూళ్ల టోర్నమెంటులో, ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి తండ్రి రామ్మూర్తి పేరు మీద రోలింగ్ షీల్డు ఇచ్చాడు. రోలింగ్ షీల్డుకి ఒక ఆనవాయితీ ఉంది. గెలిచిన జట్టు ఏడాది పాటు ఉంచుకుని తిరిగి ఇచ్చెయ్యాలి. వరసగా మూడేళ్లు గెలిస్తే మాత్రం ఇక ఇవ్వక్కర్లేదు, అది వాళ్ల సొంతం. అలా ఎవరు గెలుస్తారులే అన్నది ఇచ్చేవాళ్ల ధీమా. వాలీబాల్ షీల్డుని ఇరవై ఏళ్లలో ఎవరూ సొంతం చేసుకోలేదు మరి.

రాజోలుకి నాలుగు మైళ్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న ఒక లంక ఊళ్లో మిషను వాళ్ల ఆడపిల్లల హైస్కూలు ఉంది. ఆ స్కూలు వాళ్లు మొదటి ఏడు గెలిచారు. రెండో ఏడు గెలిచారు. మూడో ఏడు కూడా గెలిచి రామ్మూర్తి షీల్డుని పట్టుకుపోయారు. తరవాత ఒక డాక్టరుగారు ఇచ్చిన షీల్డుకీ అదే గతి. మూడోదీ, నాలుగోదీ అంతే. పన్నెండేళ్లలో నాలుగు షీల్డులు ఆ స్కూలు గడప దాటి లోపలికి వెళ్లాయి, ఒక్కటీ బయటికి రాలేదు. ఈ పన్నెండేళ్లలో జట్టు నాలుగుసార్లు మారిపోయింది. ఎనిమిదో తరగతిలో జట్టులోకి వచ్చిన పిల్ల పదో తరగతి పరీక్షలు రాసి వెళ్లిపోతుంది కదా. మారనిది డ్రిల్లు టీచరు జ్ఞానమ్మ ఒక్కతే.

ఇంత గెలుపుకీ దక్కింది ఏమిటంటే పేపర్లో ఏటా ఒక వాక్యం. ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌లో మామూలుగానే మిషను స్కూలు గెలిచింది అని. ఫైనల్ పన్నెండు గంటలకి పెట్టేవారు. ఎవరు గెలిచేదీ తెలిసిందే కనక జనం ఆ వేళకి భోజనానికి వెళ్లేవారు. బుల్లబ్బాయి కూడా వెళ్లేవాడు.

1984 నవంబరులో టోర్నమెంటు కమిటీ కూర్చుంది. కార్యదర్శి రాంబాబు పుస్తకాల షాపు మేడ మీద మీటింగు. బాస్కెట్‌బాల్‌కి కొత్త షీల్డు ఇచ్చే నాథుడు లేడని రాంబాబు తేల్చేశాడు. వాలీబాల్ షీల్డు ఇచ్చిన రైసుమిల్లు బంగారరాజుని అడిగితే, మూడేళ్లకి మాయమైపోయే షీల్డు నాకెందుకన్నాడట. రెండు స్కూళ్ల వాళ్లు ఓడిపోవడానికి బస్సు ఛార్జీలు కూడానా, మేం రామని ముందే చెప్పేశారు. షీల్డు దొరక్కపోతే ఆ ఆట ఎత్తేద్దామని రాంబాబు ఆలోచన.

అప్పుడు బుల్లబ్బాయికి తన వ్యాపార తెలివి అక్కరకొచ్చింది. తండ్రి పేరు మీదే ఇంకో షీల్డు తనే ఇస్తానన్నాడు. కానీ ఈ షీల్డు ఎవరికీ సొంతం కాదు, ముప్ఫై ఏళ్లు గెలిచినా ఏటా తెచ్చి ఇచ్చెయ్యాల్సిందే. ఆ షరతు అందరికీ నచ్చింది. రాంబాబు ఆ రోజే స్కూళ్లకి ఉత్తరాలు రాశాడు.

నాలుగు రోజులకి జ్ఞానమ్మ రాజోలులో కాలవ గట్టు మీదున్న ఆయన కొట్టుకి వచ్చింది. యాభై దగ్గరపడుతున్న మనిషి, తెల్లచీర, మెడలో ఈలకి కట్టిన నల్లతాడు. కూర్చోమంటే కూర్చుంది. మజ్జిగ ఇస్తే తాగింది. తరవాత, షీల్డు ఇస్తున్నందుకు సంతోషమనీ, తమ పిల్లలు మాత్రం ఆడరనీ చెప్పింది.

"అదేంటండీ టీచరుగారూ? మీరు రాకపోతే ఇక ఆ ఆటే ఉండదండి."

"తెలుసండి. వాలీబాల్‌కి మూడేళ్ల పద్ధతి ఉందాండి?"

"ఆయ్, ఉందండి."

"కబడ్డీకండి?"

"ఉందండి."

"మాకే తీసేసేరు. ఓడినవాళ్లెవరికీ తగలని రూలండి ఇది. గెలిచినందుకు మా పిల్లలకి జరిమానా వేసేరు."

బుల్లబ్బాయి దాపరికం లేకుండా తన వాదన చెప్పాడు. పేరు నలుగురూ చదవాలనే కదా ఎవరైనా షీల్డు ఇచ్చేది, తన తండ్రి పేరు స్కూలు బీరువాలో పదేళ్లుగా బూజు పడుతోంది, మళ్లీ ఇంకొకటి బూజుకి ఇవ్వమంటే ఎలాగన్నాడు.

"బీరువాలో ఉందని ఎవరు చెప్పేరండి? వచ్చి చూసేరా?"

"లేదండి."

"అయితే సరుకు చూడకుండానే ధర కట్టేరన్నమాట," అంది జ్ఞానమ్మ. గొంతు పెంచలేదు. లేచి, పన్నెండింటి బస్సు ఉందని వెళ్లిపోయింది.

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో ఆయన కాయ ఊపి చూడకుండా రేటు చెప్పింది లేదు. పైగా ఇప్పుడు ఆ పిల్లలు ఆడకపోతే ఆట ఎత్తేసింది ఎవరయ్యా అంటే వేలు తన వైపే చూపిస్తారు. ఆట ఎత్తేస్తే ఆ లంక పిల్లలకి ఏడాదికోసారి నలుగురిలో నిలబడే అవకాశం కూడా పోతుంది. రాత్రి భోజనాల దగ్గర భార్య వీరవేణి ఆయన మొహం చూసి, వెళ్లి చూసొస్తే సరిపోతుంది కదా, దానికింత ఆలోచనేమిటని విసుక్కుంది.

ఆదివారం స్కూటరు మీద వెళ్లాడు. కాయల బేరానికి ఆ ఊరు వందసార్లు వెళ్లినవాడే. స్కూల్లో అడుగు పెట్టడం మాత్రం అదే మొదలు. చర్చిలో ప్రార్థన అయ్యాక జ్ఞానమ్మ వచ్చి బీరువా తలుపు తీసి చూపించింది. అందులో సుద్దముక్కలు, హాజరు పట్టీలు, గాలి పోయిన రెండు బంతులు ఉన్నాయి. షీల్డు లేదు.

"మరేవండీ?"

"ఇళ్లల్లో ఉంటాయండి. నెలకో ఇల్లు. ఆడిన పిల్ల ప్రతి ఇంటికీ వంతు వస్తుంది. పెళ్లయి వెళ్లిపోయినా పుట్టింటికి వంతు ఉంటుంది. రండి, మీ నాన్నగారిది ఎక్కడుందో చూపిస్తాను."

స్కూలు వెనక పేటలోకి నడిచారు. ఒక తాటాకు ఇంటి ముందు ఆగేసరికి లోపలినుంచి కంగారుగా బయటికి వచ్చిన మనిషిని చూసి బుల్లబ్బాయి తెల్లబోయాడు. సత్తెమ్మ. పదేళ్లుగా తన కొట్లో కాయలు ఒలిచే మనిషి. ఆమె కూతుళ్లు ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు ఈ జట్టులో ఆడారని, మొదటి షీల్డు గెలిచినప్పుడు పెద్దమ్మాయి రత్నమాలే కెప్టెనని, ఇప్పుడు కాకినాడలో నర్సుగా ఉందని జ్ఞానమ్మ చెప్పింది. ఆయనకి అందులో ఒక్కటీ తెలియదు.

ఇంట్లో గోడకి కొట్టిన చెక్క మీద, ఏసు ప్రభువు క్యాలెండరు కింద, షీల్డు ఉంది. చింతపండు పెట్టి తోమినట్టుంది, కొన్న రోజున కూడా అంత మెరవలేదు. మధ్యలో ఇత్తడి రేకు మీద రామ్మూర్తి అన్న అక్షరాలు తోమి తోమి కాస్త అరిగాయి.

"మీ నాన్నగారి పేరు మా పేటలో పసిపిల్లని అడిగినా చెబుతాదండి," అంది సత్తెమ్మ. "పిల్లలైతే ఆయన పెద్ద ఆటగాడనుకుంటారండి. ఎన్ని గోల్సు వేసేరని నన్ను అడుగుతా ఉంటారు."

రామ్మూర్తి జన్మలో బంతి ముట్టుకోలేదు. వడిగా నడిస్తేనే ఆయాసపడేవాడు. బుల్లబ్బాయి ఆ సంగతి చెప్పబోయి మానేశాడు. మెచ్చుకుంటున్న సరుకులో లోపం తనే చూపించడం అలవాటు లేదు.

"పదేళ్లుగా నా దగ్గర పని చేస్తున్నావు. ఒక్కసారైనా చెప్పలేదేం, సత్తెమ్మా?"

"మీరు అడగలేదు కదండీ."

సాయంత్రం ప్రాక్టీసు చూసి వెళ్లమంది జ్ఞానమ్మ. కోర్టు అంటే ఒండ్రు మట్టి నేల. రెండు తాటి దూలాలు, వాటికి పలకలు, కమ్మరి చేసిన ఇనప రింగులు. ఆ నేల మీద బంతి సరిగ్గా లేవదు. అందుకని పిల్లలు బంతిని నేలకి కొట్టరు, చేతి నుంచి చేతికే నడిపిస్తారు. ఆ విసరడం ఎక్కడో చూసినట్టుందే అని బుల్లబ్బాయి కాసేపు ఆలోచించాడు. తన లారీకి కాయలు ఎక్కించేటప్పుడు కూలీలు వరసగా నిలబడి ఒకరికొకరు విసురుకునే పద్ధతి అది. అందుకునేవాళ్లు కాయ వంక చూడరు, విసిరేవాళ్లు చెయ్యి వంక చూడరు. ఈ పిల్లలు సెలవుల్లో తల్లుల పక్కన నిలబడి నేర్చినదే జ్ఞానమ్మ కోర్టులోకి తెచ్చింది. ఏ పిల్లా ఒంటరిగా మెరవదు. ఐదుగురూ తలా రెండు మూడు గోల్సు వేస్తారు. పేపరువాడికి రాయడానికి ఒక్క పేరు దొరకదు. ఓడించడానికి ఎదుటి జట్టుకి ఒక్క మనిషి దొరకదు.

తిరిగి వస్తూ దారి పొడుగునా ఆయన తన లెక్క తను చూసుకున్నాడు. ఏటా కాయలోనే ఎండిన కురిడీ కొబ్బరి ఉత్తరాదికి పంపుతాడు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి సరుకు చెడిపోయి వెళ్లింది. అప్పుడు నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. మిగతా ఇరవై తొమ్మిదేళ్లూ ఒక్క ముక్క రాలేదు. ఆ రాకపోవడమే తన గొప్పని ఇన్నాళ్లూ గర్వపడ్డాడు. నిజమే, గొప్పే. కానీ ఎవరైనా ఒక్క ఏడు బాగుందని కార్డు ముక్క రాసి ఉంటే, దాన్ని ఆయన కూడా గోడకి పెట్టుకునేవాడు. పన్నెండేళ్లు చెడని సరుకు పంపిన మనిషికి తను పంపింది మాత్రం షరతు ఉత్తరం.

మర్నాడు కమిటీని మళ్లీ కూర్చోబెట్టి షరతు తీసేస్తున్నానన్నాడు. రాంబాబు ఒప్పుకోలేదు. మిగతా స్కూళ్లు మొహం చాటేస్తాయని, టోర్నమెంటు ఒక్క జట్టుతో ఎలా నడుస్తుందని వాదించాడు.

"ఓడిపోతామని రానివాళ్ల కోసం గెలిచేవాళ్లని కిందికి లాగుతామా, రాంబాబుగారూ? వాళ్లు ఎలా గెలుస్తున్నారో ఎవరికైనా చూపించేమా? అన్నాల వేళ ఆడించి, ఎవరూ చూడట్లేదంటే ఎలాగండి? నాలుగింటికి వాలీబాల్ ఫైనల్. మూడింటికి ఈ పిల్లలది పెట్టండి. వాలీబాల్‌కి చోటు కోసం జనం ముందే వస్తారు కదా, వచ్చినవాళ్లు ఇదీ చూస్తారు."

సంతలో కొత్త సరుకు ఎక్కడ పెట్టాలో తెలిసినవాడి మాట కాబట్టి రాంబాబు ఆటల వేళలు మార్చి రాసుకున్నాడు. షరతు పోయింది. జ్ఞానమ్మ దగ్గర్నుంచి, పిల్లలు వస్తారని రెండు వాక్యాల కార్డు వచ్చింది.

ఆ డిసెంబరు మూడింటికి గ్రౌండు చుట్టూ రెండు వేల మంది చేరారు. మొదట్లో కబుర్లు చెప్పుకున్నారు. పది నిమిషాలయ్యేసరికి కబుర్లు ఆగిపోయాయి. బంతి నేల ముట్టకుండా ఐదు చేతులు మారి రింగులో పడుతుంటే, వాలీబాల్ కోసం వచ్చిన రైతులు పంచెలు ఎగ్గట్టి ముందుకి జరిగారు. మిషను స్కూలు గెలిచింది. మైకులో రాంబాబు ఇది పదమూడో ఏడని, ఇప్పటికి నాలుగు షీల్డులు సొంతమని చెప్పేసరికి, అంత సంగతి ఈ గ్రౌండులోనే జరుగుతుంటే తెలియనే లేదని జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాటి పేపర్లో ఆరు వాక్యాలు వేశారు. మామూలుగానే అన్న మాట లేదు.

మరుసటి ఏడు ఐదు స్కూళ్లు వచ్చాయి. ఆ పై ఏడు, 1986లో, ఎనిమిది. వాటిలో కొత్తపేట పిల్లలు రెండేళ్లపాటు చూసి చూసి ఆ విసిరే ఒడుపు పట్టేశారు. ఆ ఏడు ఫైనల్ వాళ్లతోనే. సగం ఆట అయ్యేసరికి మిషను స్కూలు ఐదు పాయింట్లు వెనకబడి ఉంది. పదిహేనేళ్లలో అలా వెనకబడడం ఎవరూ చూడలేదు. గెలిస్తే ఐదో షీల్డు సొంతం, ఓడితే రామ్మూర్తి పేరున్న రెండో షీల్డు ఊళ్లు తిరగడం మొదలెడుతుంది. బుల్లబ్బాయి మొదట్లో కోరుకున్నది అదే మరి. ఇప్పుడు మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు.

అప్పుడు బంగారరాజు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన వాలీబాల్ షీల్డుని కిందటేడు గెలిచిన స్కూలువాళ్లు తిరిగివ్వలేదు. వాకబు చేస్తే, ఎత్తు చాలక క్యారమ్ బోర్డు కింద పెట్టుకున్నారని తెలిసింది. కాసేపు అటూ ఇటూ మాట్లాడి అసలు సంగతికి వచ్చాడు.

"ఈ పిల్లలకి ఇచ్చే తరవాత షీల్డు మాదండి, బుల్లబ్బాయిగారూ. మా అమ్మగారి పేరు మీద."

"ఐదు వెనకున్నారండి రాజుగారూ. ఓడితే కొత్త షీల్డు అక్కర్లేదు కదా."

"ఓడతారంటారా?"

బుల్లబ్బాయి నవ్వాడు. "మీకంటే ముందు డాక్టరుగారు చెప్పి ఉంచేరండి. ఆయన తరవాత మీరు. మూడేళ్లు ఆగాలి మరి."

"ఆగుతానండి," అన్నాడు మూడేళ్లకి మాయమయ్యే షీల్డు నాకెందుకన్న మనిషి.

రెండో సగంలో లంక పిల్లలు ఒక్కో పాయింటూ లాక్కుంటూ వచ్చి మూడు పాయింట్ల తేడాతో గెలిచారు. గ్రౌండు దద్దరిల్లింది. కొత్తపేట పిల్లలు కూడా వచ్చి చేతులు కలిపారు. ఒకప్పుడు ఈ జట్టులోనే ఆడిన సత్తెమ్మ మూడో కూతురు చెప్పులు లేకుండా గ్రౌండులోకి పరిగెత్తింది. జనంలోంచి దారి చేసుకుని బుల్లబ్బాయి జ్ఞానమ్మ దగ్గరికి వెళ్లి, తరవాతి రెండు షీల్డులకి మనుషులు ఇప్పుడే సిద్ధంగా ఉన్నారని, డాక్టరుగారూ రాజుగారూ వంతులేసుకున్నారని చెప్పాడు.

జ్ఞానమ్మ చెమట తుడుచుకుంటూ వింది. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది.

"ఆయ్. అయితే మాకు ఆరేళ్ల పని అప్పచెప్పేరన్నమాటండి," అంది. ఈల ఊది, షీల్డు చుట్టూ గుంపు కట్టిన పెద్దపిల్లల్ని వదిలేసి, గట్టు మీద కూర్చుని చూస్తున్న ఏడో తరగతి పిల్లల్ని రమ్మని పిలిచింది.