అక్కకు దొరికిన శుక్రవారం

మా ఆయన నాగేంద్రప్రసాద్‌కు "కాదు" అనే మాట నోట్లో పలకదు. పెళ్లయిన కొత్తలో అది మంచితనం అనుకున్నాను. పద్నాలుగేళ్లు కాపురం చేశాక అది జబ్బని తేలింది. మేం కువైట్‌కు పోతున్న సంగతి రాజంపేటలో ఎవరికీ చెప్పనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. పొద్దున ఒట్టు వేశాడు, సాయంత్రానికి మా వరండాలో ఆరు పార్సెళ్లున్నాయి. ప్రయాణం నాటికి అవి పద్నాలుగయ్యాయి.

మా వైపు సంగతి తెలియని వాళ్లకు కాస్త చెప్పాలి. మా ఊళ్లలో వీధికి పదిమంది కువైట్‌లో ఉంటారు. అందుకని ఎవరైనా అక్కడికి పోతున్నారంటే ఆ మనిషిని మనిషిగా చూడరు, ముప్పై కిలోల ఖాళీ జాగాగా చూస్తారు. నిప్పట్లు, కజ్జికాయలు, కారంపొడి, నెయ్యి, ఊరగాయ. "అరకిలోనే మే" అంటూ చేతిలో పెడతారు, తూకం వేస్తే రెండు కిలోలుంటుంది. గసగసాలు ఉన్నాయేమోనని నేను ప్రతి మూటా విప్పి వెతికాను. మనకు అవి కూరలో మసాలా, అక్కడ పట్టుబడితే జైలు. ఆ వెతుకులాటకు, కువైట్‌లో ఉన్న కొడుకుకు మూట ఇచ్చిన మా వీధి దిల్షాద్ బీ "నా కొడుకును నేనే జైలుకు పంపిస్తానా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రెండు రోజులైనా ప్రాణం హాయిగా ఉండింది.

నాకు కువైట్‌లో ఉన్నది ఒక్కటే పని, మా అక్క గంగారత్నం. మా నాయన గంగమ్మకు మొక్కుకుని ఇద్దరికీ ఆ పేరే తగిలించాడు, నేను గంగాదేవిని. అక్క పన్నెండేళ్లుగా అక్కడ ఒక ఇంట్లో వంట చేస్తోంది. నేను చూసి అయిదేళ్లయింది. ఫోన్‌లో ఎప్పుడు అడిగినా "బాగుండాను మే" అంటుంది, ఆ వెంటనే "మీరు తిన్న్యారా?" అని మాట మారుస్తుంది. నేను నమ్మను. ఫోన్‌లో ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు. ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పడం మాత్రం అక్కకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. కూర్చోబెట్టి, ముఖంలోకి చూసి, "నిజంగా బాగుండావా?" అని అడగాలి. అందుకే బయల్దేరాను.

వాళ్ల మామా, అంటే ఇంటి యజమానురాలు, మా కోసం ఒక శుక్రవారం సెలవిచ్చింది. పదకొండు నుంచి అయిదు దాకా. ఆ రాత్రికి వాళ్లింటికి నలభై మంది చుట్టాలు భోజనానికి వస్తారట, కాబట్టి అయిదంటే అయిదే. పది రోజుల ప్రయాణంలో నాకు కావలసింది ఆ ఆరు గంటలు. మిగిలినదంతా మా ఆయన చుట్టాలకు వదిలేశాను.

చుట్టాలంటే మా మరిది శివకుమార్, అతని భార్య వెంకటేశ్వరి. ఫింటాస్‌లో ఉంటారు. దజీజ్‌లో ఏదో గోడౌన్‌కు స్టోర్‌కీపరు మా మరిది. "మాది సీ వ్యూ ఫ్లాట్ వదినా" అని మూడేళ్లుగా ఫోన్‌లో ఊదరగొట్టాడు. దిగిన రోజే చూపించమన్నాను. బాత్‌రూమ్‌లోకి తీసుకుపోయి, బకెట్ బోర్లించి ఎక్కమన్నాడు. వెంటిలేటర్‌లోంచి చూస్తే రెండు బిల్డింగుల మధ్య చీర అంచంత నీలం. "కనపడిందా?" అన్నాడు. కనపడింది. మా అమ్మాయి ఆ బకెట్ ఎక్కి ఫోటో తీసి స్కూలు స్నేహితులకు పంపింది కూడా. అక్టోబరు ఎండ బయట కాస్తూనే ఉంది, సముద్రం రెండు వీధుల అవతలే ఉంది, మేం మాత్రం దాన్ని బాత్‌రూమ్‌లోంచే చూస్తూ వచ్చాం. కారణం పార్సెళ్లు.

పార్సెల్ ఇవ్వడమంటే గేటు దగ్గర చేతిలో పెట్టి రావడం కాదు. అలా చేస్తే ఇంటికొచ్చి తిట్టినంత పాపం. లోపలికి పోవాలి, కూర్చోవాలి, తినాలి. తర్వాత వాళ్లు ఊరికి వీడియో కాల్ చేస్తారు. మూట విప్పి ఒక్కో నిప్పట్టు కెమెరాకు చూపిస్తారు. "విరిగినాయి కదప్పా" అని అటునుంచి వాళ్లమ్మ అంటుంది. అప్పుడు మేం ముద్దాయిల్లా ఫోన్ ముందుకొచ్చి, ఎలా విరిగాయో చెప్పుకోవాలి. మిర్కాబ్‌లో దర్జీ పని చేసే అబ్దుల్ ఖుద్దూస్ అయితే మాకు రెండు రకాల కూరలతో అన్నం పెట్టి, అది చాలదన్నట్టు మా ఆయనకు ప్యాంటు కొలతలు తీసుకున్నాడు. గంగులయ్య గదిలో ఎనిమిది మంది ఉంటారు. ఎనిమిది మందీ తలా ఒక చాయ్ పోశారు. మా ఆయన ఎనిమిదీ తాగాడు. అడిగితే, "వద్దంటే ఏమనుకుంటారో" అన్నాడు.

గురువారానికి పది ఇళ్లు అయ్యాయి. ఇంకా నాలుగున్నాయి. ఆ మధ్యాహ్నం మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు బాగా తెలుసు.

"రేపు శుక్రవారం గదా, వాళ్లకు లీవు ఆ పొద్దే దొరికేది. మీయక్కను కార్లో ఎక్కించుకుని, ఆ నాలుగిండ్లు తిరిగి..."

"మా యక్కను?"

"దోవలోనే గదమే."

నేను గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని, వాట్సాప్‌లో ఆ నలుగురి కోసం ఆయన పెట్టుకున్న గ్రూపు నొక్కి, వాయిస్ మెసేజ్ పెట్టాను. "ఏమప్పా, మీ మూటలు మీకు గావాలంటే రేపు పన్నెండుకు ఫింటాస్ బీచ్‌కాడికి రాండి. మేము యాడికీ వచ్చేది ల్యా. అన్నం పెట్టొద్దండి, చాయ్ పొయ్యొద్దండి. వచ్చేది, తీసుకునేది, పొయ్యేది. ఖలాస్."

నేను నొక్కింది ఆ గ్రూపు కాదు. దాని పైనున్న గ్రూపు. కువైట్‌లో ఉన్న మా జిల్లావాళ్ల గ్రూపు, నాలుగు వందల పన్నెండు మంది. మా ఆయన అది పక్కనుంచి చూశాడు. చూసి కూడా నాకు చెప్పలేదు. చెప్పాలంటే "అది కాదు మే" అనాలి కదా, ఆయనకు ఆ మాట రాదు.

శుక్రవారం పదకొండుకు అక్క వాళ్ల గేటు ముందు నిలబడ్డాం. పదకొండూ ఇరవైకి వచ్చింది. పొడుగు గౌను, తలకు గుడ్డ, చేతిలో కవరు. నన్ను చూసి నవ్వింది. నేను ఏడిచాను, అక్క ఏడవలేదు. "లావైనావు మే" అంది సంతోషంగా. తను మాత్రం సగమైంది. కారులో నా చెయ్యి పట్టుకుని వదలలేదు. ఆ చెయ్యి బట్టలుతికే రాయిలా గరుకుగా ఉంది. అడుగుదామనుకున్నా, బీచ్‌కు పోయాక తీరిగ్గా అడగొచ్చులే అనుకున్నా.

బీచ్‌కు చేరేసరికి అక్కడ రాజంపేట, రాయచోటి, పుల్లంపేట కలిసి తిరణాల చేస్తున్నాయి. ముప్పై అయిదు మందికి తక్కువ లేరు. పార్సెల్ రావలసిన నలుగురు వచ్చారు. ముందే అందుకున్న వాళ్లూ వచ్చారు. "నిప్పట్లు బో ఉండాయి వదినా, ఇంగేమన్నా మిగిలినాయేమోనని" అన్నాడు గంగులయ్య. పార్సెలే లేని వాళ్లు తమకూ ఏమైనా వచ్చిందేమో కనుక్కోవడానికి వచ్చారు. ఇంకో పదిమంది తిరుగు పార్సెళ్లతో దిగారు. ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు, తైలం సీసాలు, ఒకాయన చేతిలో మడత పెట్టిన డబుల్ దుప్పటి. మా ఆయన ఆ దుప్పటి అందుకుంటూ నావైపు చూసిన చూపు నేను చచ్చినా మర్చిపోను.

దిల్షాద్ బీ కొడుకు ఖాజావలి ఏకంగా బిర్యానీ గిన్నె దించాడు. "అన్నం పెట్టొద్దండి అంటివి గదక్కా. నువ్వు అట్లంటే నాకు రోసమొచ్చింది" అన్నాడు. ఆ మనిషిది పుట్టుకతోనే మైకు గొంతు.

తప్పు నాది. నా నోరే నా ఆరు గంటలను ముప్పై అయిదు మందికి పంచిపెట్టింది. ఒకరు అక్క చేతిలో పళ్లెం పెడతారు, ఒకరు వాళ్ల మామా జీతం సరిగ్గా ఇస్తుందా అంటారు, ఒకరు ఫోన్ తెచ్చి "మా యమ్మతో మాట్లాడండక్కా" అంటారు. అక్క అందరికీ నవ్వుతూనే జవాబు చెప్పింది. నాకు మాత్రం "అక్కా" అన్న పిలుపు దాటి ముందుకు పోవడానికి సందు దొరకలేదు. శివకుమార్, వెంకటేశ్వరి మా అమ్మాయిని తీసుకుని నీళ్లలోకి దిగారు. ఒంటిగంటన్నర అయింది. చేతులు కడుక్కుని వద్దామని లేచాను.

అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి చూస్తే, గొడుగు నీడలో పరిచిన చాప మీద అక్క పక్కకు ఒరిగి పడుకుని ఉంది. పళ్లెంలో సగం బిర్యానీ అలాగే ఉంది. నిద్రపోయింది. అంత గోలలో, కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఉన్నది మూడున్నర గంటలు. అయిదేళ్లు ఎదురుచూసి, సముద్రం దాటి నేనొస్తే నిద్రా? వంగి భుజం మీద చెయ్యి వేసి కదిపాను.

కళ్లు తెరవలేదు. కళ్లు మూసుకునే మోచేతి మీద లేవబోయింది. "వస్తాండా మామా, దఖీఖా, దఖీఖా" అంది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అని. చెయ్యి అటూ ఇటూ చాప మీద దేన్నో వెతికింది.

"మామా లేదు. ఎవురూ పిల్చల్యా. పడుకో" అన్నాను.

పడుకుంది. నేను ఆమె తల ఒడిలోకి తీసుకుని చాప మీద కూర్చున్నాను. అప్పుడు మొదలైంది నా యుద్ధం.

రాయలసీమ వాళ్లను ముప్పై అయిదు మందిని మెల్లగా మాట్లాడమనడం ఎంత కష్టమో చేసిన వాళ్లకు తెలుస్తుంది. మొదటి తిట్టు ఖాజావలికి పడింది. "నోరు మూసుకుంటావా, చెప్పు తీసుకోమంటావా?" అన్నాను, గుసగుసగానే. అతను గుసగుసలాడాడు, ఆ గుసగుస పక్కనున్న మహబూలా దాకా వినపడి ఉంటుంది. గ్రూప్ ఫోటో తీద్దాం, అక్కను లేపమన్న వాడి మీదికి బిర్యానీ గరిటె ఎత్తాను. వీడియో కాల్స్ అన్నీ ఒట్టి పెదవులు కదిపి చేయించాను. రాజంపేట నుంచి దిల్షాద్ బీ ఫోన్‌లో పెద్దగా కేక పెట్టింది: "ఏందిరా అట్ల గుసగుసలాడతాండావు? జైల్లో ఉండావా? ఆ గంగాదేవి గసగసాలు పట్టిచ్చిందా?" ఖాజావలి ఫోన్‌ను రెండు చేతులతో పొత్తికడుపుకు అదుముకుని సముద్రం వైపు పరుగెత్తాడు.

అప్పుడొక వింత జరిగింది. మా ఆయన లేచాడు. దుప్పటి పక్కన పెట్టి, జనం మధ్యకు పోయి, "ఇంగ చాలప్పా. ఆమె పడుకోనీ. పాండి" అన్నాడు. ఒకాయన తైలం సీసాలు ఇవ్వబోతే, "కాదు" అన్నాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి విన్నాను. ఆ ఒక్క మాటకు ఆయన చేసిన పాపాల్లో సగం మాఫీ చేశాను. మిగతా సగం ఇంటికి పోయాక చూద్దామనుకున్నాను.

ఒక్కొక్కరే పోయారు. గంగులయ్య పోతూ పోతూ చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచాడు, చప్పుడవుతుందని. ఇసుకలో చెప్పుల చప్పుడేమిటి ఆయన మొహం! అయినా ఆ మనిషిని ఆ క్షణంలో దండం పెట్టేంత ఇష్టపడ్డాను.

మూడయింది. నాలుగయింది. అక్క ముఖం దగ్గరగా చూస్తూ కూర్చున్నాను. పాపిట దగ్గర నెరిసింది. మణికట్టు మీద నూనె చిందిన మచ్చలు పాతవీ కొత్తవీ ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని, గురక పెట్టి మరీ నిద్రపోయింది. నా కాళ్లు తిమ్మిరెక్కి చచ్చుబడిపోయాయి. కదల్చలేదు.

నాలుగున్నరకు తనే లేచింది. ఎండ చూసి ఉలిక్కిపడి, "టైమెంత?" అంది. చెప్పాను. తల బాదుకుంది.

"ఏందిమే నువ్వు! లేపల్యా? నీతో ఎంత మాట్లాడాలనుకున్న్యానో! ఎన్నేండ్లకొస్తివి!"

"నిద్దర పట్టిందా?"

చెంప మీద నా చీర కుచ్చిళ్ల అచ్చులు పడ్డాయి. అక్క వాటిని తడుముకుంది. "పగలు పడుకోని ఎన్నాళ్లయిందో గుర్తే ల్యా మే" అంది.

అడగడానికి ఇదే సమయం. ఎదురుగానే ఉంది, ముఖంలోకే చూస్తోంది. నేను అడగలేదు. మూడు గంటలుగా నాకు జవాబు చెబుతూనే ఉంది.

మా ఆయన దూరం నుంచి చెయ్యి ఊపాడు, టైమవుతోందని. శివకుమార్ కారు తీశాడు. అక్క లేచి గౌను దులుపుకుని, తల గుడ్డ సరిచేసుకుని, కారు వైపు రెండు అడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగొచ్చి నా పక్కన కూలబడింది.

"రోడ్డు మీద కార్లు ఆగిపోయినాయని చెప్తాలే మామాకు" అంది, తల మళ్లీ నా ఒడిలో పెట్టుకుంటూ. "రోంతసేపు, అంతే. అయిదున్నరకు లేపు."