దీపం ముట్టినవాళ్ళు

పోలీసంటే బెదిరే మగాడు ఫిషింగ్ హార్బర్లో ఇంతవరకు పుట్టలేదు. పైడయ్య సంగతే వినండి. కుర్రతనంలో ఒక సొరచేప పడవ వెంట పడితే, నోట్లో చుట్ట తీసి దాని ముక్కు మీద ఆర్పాడు. అది సిగ్గుపడి పారాదీప్ దాకా వెనక్కి తిరిగి చూడలేదు. అలాంటివాడు ఖాకీ చొక్కాని లెక్కచేస్తాడా?

ఆ ఉదయం చేపల వేలంపాట ముగిసేసరికి రెండు జీపులొచ్చాయి. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే నలభై మందినీ పోలమ్మ తల్లి గుడి ముందు వరస కట్టించారు. ఫ్యాక్టరీ వాచ్‌మన్ చలమయ్య పోయి అప్పటికి వారం. తల పగిలి, జెట్టీ కింద నీళ్ళలో తేలాడు. అమోనియా పైపు తుప్పు పట్టిందని మొత్తుకున్నా కాంట్రాక్టరు మార్చలేదనీ, అందుకే గ్యాసు తగిలి ఇద్దరు ఆడకూలీలు చచ్చిపోయారనీ విచారణలో చెబుతానన్న మనిషి అతను. అలా అన్న నాలుగో రోజుకే శవమయ్యాడు. ఈ సంగతి వరసలో ఉన్న అందరికీ తెలుసు. సీఐ పక్కన కుర్చీలో కూర్చుని కొబ్బరిబోండాం తాగుతున్న కాంట్రాక్టరు శ్రీరామ్మూర్తికి ఇంకా బాగా తెలుసు.

"నాకైతే అబద్ధం చెబుతారు. అమ్మవారికి చెప్పలేరు," అన్నాడు సీఐ. "ఒక్కొక్కడూ దీపం ముట్టి, చంపలేదని ఒట్టెయ్యండి. ముట్టనివాడే చంపినవాడు."

ఒక్కొక్కరే ముట్టారు. సింహాద్రి వంతు వచ్చింది. అతను కదల్లేదు.

"నాను ముట్టకూడదు బాబూ. మా ఇంటిది నీళ్ళాడి ఎనిమిది రోజులే అయింది. పురుడు. పదకొండో రోజు తానం సేసి ముడతాను."

"సాకు బాగుంది. ఎక్కించండి వీణ్ణి."

సింహాద్రి వరసకేసి చూశాడు. "సెప్పండ్రా. పైడన్నా, నువ్వైనా సెప్పు."

పైడయ్య సింహాద్రికి పెదనాన్న కొడుకు. ఒకే ఇంటిపేరు, ఒకే పురుడు. అతనూ ముట్టకూడదు. ఆ మాట పైకంటే అతనికీ జీపే. నేల చూస్తూ నడిచి, దీపం ముట్టి, "నాను సంపలేదు తల్లీ," అన్నాడు. అరచేతికి వేడి తగల్లేదు గాని చెవులు భగ్గుమన్నాయి.

మొదట చెప్పానే, ఆ గొప్పని ఇక్కడ సొరచేపతో సహా సముద్రంలో పారేయండి. బెదరనివాడు ఆ రోజు ఒక్కడే కనిపించాడు, వాణ్ణి జీపులో తీసుకుపోయారు. తక్కిన ముప్పైతొమ్మిది మందీ, 'అమ్మయ్య, మనం కాదు' అనుకుంటూ పనిలోకి పోయారు.

ఆ మధ్యాహ్నం పైడయ్య కంచం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు. భార్య పోతమ్మ విస్తుపోయి చూసింది.

"పురుట్లో ముట్టేవా?"

"ఏటి సెయ్యమంటావు మరి?"

"నోరిప్పకు. తెలిసిందంటే, రేపు ఏ పడవ మునిగినా నీ మూలాన్నే అంటారు పేటోళ్ళు. మనల్ని ఉండనియ్యరు."

మర్నాడు పొద్దున్నే పురిటి గది దాటకూడని సాయిదుర్గ, సింహాద్రి భార్య, పసిగుడ్డుని చీర చెంగులో చుట్టుకుని స్టేషన్ గేటు ముందు కూర్చుంది. లోపలినుంచి దెబ్బల చప్పుడు వినిపిస్తోంది. కూలీలు గుంపుగా వచ్చి దూరంగా నిలబడ్డారు.

"దేవుడి యవ్వారంరా. మనం దూరకూడదు," అన్నాడు ముఠామేస్త్రీ పోలిరాజు.

సాయిదుర్గ తలెత్తింది. "బావా, ముట్టనందుకు ఆయన్ని కొడతన్నారు. నువ్వెలా ముట్టేవు?"

నెమ్మదిగానే అడిగింది. అందరూ పైడయ్యకేసి తిరిగారు. అతనికి వెనక్కి పోదామనే అనిపించింది. అయినా ముందుకొచ్చాడు.

"మైలతోనే ముట్టేనమ్మా. ఆడు అమ్మోరికి బయపడ్డాడు, నాను పోలీసోడికి బయపడ్డాను."

"అపసారం సేసేవు కదరా," అన్నాడు పోలిరాజు.

"సేసేను. పేట ఏ శిచ్చేసినా పడతాను. మీరో? ఆడికి పురుడని మీకు తెల్దా? ఆడింట్లో పంచిన పురిటి కాయం తిన్నోళ్ళే కదా అందరూ. సరే, మనం ముట్టేం. కుర్సీలో కూసున్నోడు ముట్టేడా? ఆణ్ణి ముట్టమన్నోడు మనలో ఉన్నాడా?"

పోలిరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"మనలో లేడు. సలమయ్య ఏటి సెప్తానన్నాడో నాకూ తెలుసు," అంటూ వెళ్ళి సాయిదుర్గకి కాస్త దూరంలో చతికిలబడ్డాడు. అతని పక్కన పైడయ్య, వెనక మరొకడు. ఆ తర్వాత పోతమ్మ, ఆమె వెనక చేపలమ్మే ఆడవాళ్ళు తట్టలతో సహా.

ఆ రోజు ఐసు దిమ్మ కదల్లేదు. ఐసు లేక పడవలు జెట్టీ వదల్లేదు. పడవలు లేక వేలంపాట లేదు. ఎండెక్కేసరికి గేటు ముందు మూడొందల మంది. సీఐ బయటికొచ్చాడు.

"ఏం కావాలి మీకు?"

"మాకందరికీ మైలే బాబూ," అన్నాడు పైడయ్య. "ఎవ్వులం దీపం ముట్టం. సలమయ్య సెప్తానన్న సాచ్చెం మేం సెప్తాం, రాసుకో. ముందు శ్రీరామ్మూర్తిని పిల్సి అడుగు."

లాఠీలు లేచాయి. పోలిరాజు తల పగిలింది. పోతమ్మ గాజులు చిట్లి మణికట్టులో దిగాయి. ఎవరూ లేవలేదు. పొద్దు వాలేవేళకి సింహాద్రిని వదిలారు. కుంటుకుంటూ వచ్చి, పైడయ్య భుజమ్మీద చెయ్యి వేసి, "అన్నా," అన్నాడు.

ఆ చెయ్యి మాత్రం నేను కల్పించాను. మనసొప్పక వేయించాను. లాఠీలు నిజం, రక్తం నిజం. సింహాద్రి పైడయ్య మొహమైనా చూడలేదు. అతన్ని దాటుకుపోయి భార్య పక్కన కూలబడ్డాడు. ఇంటికి పదమన్నారెవరో.

"సలమయ్యని సంపినోడి పేరు రాసేదాకా నాను లెగను," అన్నాడు.

ఆ పేరు ఇంకా రాయలేదు. పైడయ్య కూడా లేవలేదు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగానే ఉంది.